అమ్మ ముఖానికి రంగు

అప్పుడే ఫొటో ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను. నారాయణఖేడ్ బస్టాండులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, అమ్మ నలుపు తెలుపు ఫొటోకు రంగులు వేస్తున్నాను. ప్రింటు తీయించి గదిలో పెట్టుకోవాలని. చీర కుదిరింది. ముఖం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఎవరు బిడ్డా?" అంది పక్కన కూర్చున్న పెద్దామె.

"మా అమ్మ. నా చిన్నప్పుడే పోయింది. ఏ రంగుండెనో యాదికి లేదు, అడుగుదామంటే ఎవ్వరు లేరు."

"చేన్ల పనిచేసేదా?"

"ఆ."

"అయితే గిట్లనే ఉండె. చూసి వెయ్యి."

గాజులు పైకి తోసి, తన ముంజేతిని తెర పక్కన పెట్టింది. తనెక్కాల్సిన కల్హేర్ బస్సు వచ్చేదాకా తియ్యలేదు.

ఆ ఫొటో ఇప్పుడు నా గది గోడ మీద ఉంది. ఒక్కణ్ణే తినేటప్పుడు దాని వైపు చూస్తాను. గుర్తొచ్చేది మాత్రం ఆ చెయ్యే.