బూట్లతో తీసిన కొలత

ఆమెకి కోపం ఎక్కువని గోల్ఫ్ క్లబ్బులో అందరికీ తెలుసు. ఎందుకంత కోపమో మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగుంటే ఓ పూటంతా కూర్చోబెట్టి చెప్పేది.

టవళ్ళ గది పక్కన, కిటికీ లేని వర్క్‌షాపులో ఇరవై రెండేళ్ళుగా ఆమె పని చేస్తోంది. వచ్చినవాళ్ళ ఒడ్డూ పొడుగూ చూసి, వాళ్ళకి సరిపడేలా గోల్ఫ్ స్టిక్కులు అమర్చడం ఆమె పని. మనిషిని నిటారుగా నిలబెట్టి, చేతులు వదిలెయ్యమని, మణికట్టు నుంచి నేల దాకా టేపు పెడుతుంది. అరచెయ్యి కొలిచి పిడికి ఎంత మందం రబ్బరు తొడగాలో తేలుస్తుంది. ఆ తర్వాత స్టిక్కు అడుగున అంటుకునే టేపు ముక్క అతికించి, నేలమీద పరిచిన గట్టి పలక మీద నాలుగు బంతులు కొట్టిస్తుంది. పలక రాసుకున్న గీత ఆ టేపు ముక్కకి మధ్యలో పడిందా, సరే. పక్కకి పోయిందా, స్టిక్కు ఇనుప మెడని బిగించి వెంట్రుకవాసి వంచుతుంది. ఇదంతా తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయన కూడా ఈ గదిలోనే పని చేసి చేసి రిటైరయ్యాడు. మెంబర్లు ఆమెని కొలతలమ్మ అంటారు. ఆమె కొలిచిందంటే ఇంక తిరుగులేదని చెప్పుకుంటారు.

నిజానికి ఆ గదికి కొలతల కోసం వచ్చేవాళ్ళకంటే నొప్పులతో వచ్చేవాళ్ళే ఎక్కువ. మోచెయ్యి లాగేస్తోందని ఒకరు, నడుము పట్టేసిందని ఒకరు, బొటనవేలు బొబ్బలెక్కిందని ఇంకొకరు. ఆటకి ముందు రెండు నిమిషాలు ఒళ్ళు వదులు చేసుకోండి బాబూ అంటే ఎవరికీ తీరిక ఉండదు. కారు దిగడం, మొదటి బంతిని పగవాడిని బాదినట్టు బాదడం, ఆనక మూలుక్కుంటూ వచ్చి స్టిక్కు బాగాలేదనడం. ఏళ్ళ తరబడి పాత రబ్బర్లు ఊడబీకి ఊడబీకి ఆమె మణికట్టే వాచిపోయింది. ఒకసారి ఎముకల డాక్టరుకి చూపించింది. ఆయన క్లబ్బులో పాత మెంబరు. ఫోన్లోంచి తల ఎత్తకుండానే "పని తగ్గించుకో అమ్మా" అన్నాడు. ఏ పని తగ్గించుకోవాలో ఆయన చెప్పలేదు, ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ డాక్టరే ఒకరోజు కొత్త స్టిక్కుల కోసం వచ్చాడు. వెంట క్లబ్బు సెక్రటరీ.

కొలతకి తండ్రి పెట్టిన నియమం ఒకటుంది. ఆడే బూట్లతోనైనా నిలబడాలి, లేదా సాక్సులతోనైనా నిలబడాలి. బయట తిరిగే బూట్లతో మాత్రం టేపు తియ్యకూడదు. డాక్టరు నల్లగా మెరిసే బూట్లతో వచ్చాడు.

"బూట్లు విప్పండి సార్" అంది ఆమె.

"అదంతా ఎందుకమ్మా? ఇలాగే కానిచ్చెయ్" అన్నాడు డాక్టరు.

"విప్పాలి సార్. కొలత తేడా వస్తుంది."

సెక్రటరీ వాచీ చూసుకున్నాడు. "ఆయనకి అవతల ఆపరేషన్లున్నాయి. నీ చాదస్తం తర్వాత, ముందు పని చూడు."

ఆమె పని చూసింది. వంగి, ఆ నల్లబూటు అంచు దాకా టేపు లాగి, అంకె కార్డు మీద రాసింది. బంతులు కొట్టిస్తే గీత కూడా టేపు ముక్క మధ్యలోనే పడింది. ఇరవై రెండేళ్ళలో ఆమె నియమం తప్పడం అదే మొదలు.

నెలన్నర తిరక్కుండానే డాక్టరు మోచేతికి పట్టీ కట్టుకుని వర్క్‌షాపులోకి దూసుకొచ్చాడు. అప్పటికి అక్కడ నలుగురు మెంబర్లున్నారు.

"ఏం కొలిచావు నువ్వు? బంతికి ముందే స్టిక్కు వెళ్ళి నేలలో దిగబడుతోంది! కొట్టిన ప్రతిసారీ మోచెయ్యి అదిరిపోతోంది. నెల రోజులుగా ఆపరేషన్ కత్తి పట్టలేకపోతున్నాను, తెలుసా?"

ఆమె జవాబు చెప్పబోయి ఆయన కాళ్ళ వైపు చూసింది. ఈసారి ఆడే బూట్లతో వచ్చాడు. ప్యాంటు అంచులు నేలమీద జీరాడుతున్నాయి. పోయినసారి ఇదే ప్యాంటు బూటు మీద చక్కగా నిలబడింది.

విషయం ఆమెకి క్షణంలో అర్థమైంది. ఆ నల్లబూట్లలో మడమ కింద ఎత్తు పెట్టుకుంటాడు. రెండంగుళాలు ఉండొచ్చు. మణికట్టు ఎత్తులో వచ్చే తేడాకి నాలుగో వంతు స్టిక్కు పొడుగులో కలుస్తుంది, ఆ లెక్కన స్టిక్కులు అరంగుళం పొడుగయ్యాయి. అరంగుళమే కదా అనుకుంటారు గానీ, రోజుకి వంద దెబ్బలు నేలకి తగిలితే ఏ మోచెయ్యి ఆగుతుంది? ఎముకల డాక్టరు! ఊరందరి మోచేతులూ చూసే మనిషి! అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. ఆ నలుగురి ముందూ నోరు తెరిస్తే ఆయన పరువు గంగలో కలిసేది. ఎందుకో తెరవలేదు.

మర్నాడు సెక్రటరీ కబురు పెట్టాడు. కొలతలో నిర్లక్ష్యం తనదేనని క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టాలి. లేదంటే వచ్చే నెల నుంచి బంతులిచ్చే కౌంటర్లో కూర్చోవాలి. వర్క్‌షాపుకి బయటి నుంచి ఇంకెవరినో తెస్తారు.

సాయంత్రం ఇంట్లో భర్తకి చెప్పింది. ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. నెమ్మదస్తుడు.

"సంతకం పెట్టెయ్. పోయేదేముంది?"

"పోయేదేముందా? రేపటి నుంచి నేను టేపు పట్టుకుంటే ఎవరు నమ్ముతారు?"

"అయితే ఆ ఎత్తు బూట్ల సంగతి అందరికీ చెప్పెయ్."

"ఛీ! ముసలాయన మడమలు చూపించి గెలవాలా నేను? విప్పమని గట్టిగా నిలబడకపోవడం నా తప్పే. ఎవరి ముందైనా ఒప్పుకుంటాను. ఆయన తప్పు కూడా నేనే మొయ్యాలంటే మాత్రం చచ్చినా మొయ్యను."

"మరేం చేస్తావు?"

"తెలీదు" అని విసురుగా కంచం తీసుకెళ్ళి సింకులో పడేసింది. అదృష్టం, స్టీలు కంచం.

మర్నాడు సెక్రటరీ గదిలో బల్లకి అటు ఆయన, ఇటు డాక్టరు. డాక్టరు కాళ్ళకి మళ్ళీ నల్లబూట్లు. టైపు చేసిన కాగితం బల్లమీద సిద్ధంగా ఉంది.

ఆమె చదివింది. "పొరపాటు నాదే సార్. కాకపోతే ఏ పొరపాటో ఇందులో లేదు. నేను రాస్తాను."

కాగితం తిప్పి, వెనకవైపు నిలబడే రాసింది: 'డాక్టరుగారు లోపల ఎత్తు ఉన్న బూట్లు విప్పనంటే వాటితోనే కొలిచాను. విప్పేదాకా టేపు తియ్యకుండా ఉండాల్సింది. పొరపాటు నాదే.'

సెక్రటరీ చెయ్యి చాపాడు. ఆమె డాక్టరుకిచ్చింది. చదువుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"పోన్లెండి. ఆవిడ ఒప్పుకుంది కదా, ఇక్కడితో వదిలేద్దాం" అన్నాడు.

సెక్రటరీ మొహం వెలిగింది. "అదీ పెద్దమనిషి తరహా! చూశావా అమ్మా? వెళ్ళు, పని చేసుకో."

ఉద్యోగం నిలబడింది. వెళ్ళిపోవచ్చు. ఆమె మాత్రం కదల్లేదు.

"ఎలా వెళ్తాను సార్? ఆ స్టిక్కులు అలాగే ఉన్నాయి. రేపు మళ్ళీ అవే పట్టుకుంటారు, మోచెయ్యి మళ్ళీ పోతుంది, మళ్ళీ నన్నే తిడతారు." జేబులోంచి టేపు తీసింది. "బూట్లు విప్పండి. కొలవాలి."

"ఇక్కడా?"

"ఇక్కడే."

డాక్టరు సెక్రటరీ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. ఆమె తలుపుకి అడ్డంగానే నిలబడి ఉంది. చివరికి కుర్చీలో ముందుకి వంగి లేసు పట్టుకున్నాడు. లాగగానే మోచెయ్యి కలుక్కుమంది, పళ్ళు బిగించాడు. ఎడమచేత్తో ప్రయత్నించాడు. ముడి ఇంకా బిగుసుకుంది. ఎన్ని వేల కాళ్ళ దగ్గర వంగిందో ఆమె! ఇప్పుడు మాత్రం వంగలేదు.

చూసి చూసి సెక్రటరీయే లేచొచ్చి, ప్యాంటు పైకి లాక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని లేసులు విప్పాడు. బూటు చేతిలోకి రాగానే బరువుకి ఉలిక్కిపడి లోపలికి చూశాడు. తలెత్తి డాక్టరు మొహం చూశాడు. రెండోది కూడా విప్పాడు.

డాక్టరు సాక్సులతో నిలబడ్డాడు. ప్యాంటు అంచులు పాదాల మీద కుప్పపడ్డాయి. ఉన్నట్టుండి ఆయన ఏ మందుల షాపు దగ్గరో క్యూలో నిలబడ్డ మామూలు పెద్దాయనలా కనబడ్డాడు. ఆమెకి జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపమొచ్చింది. ఇంత చిన్న సంగతి దాచుకోవడానికి నా ఇరవై రెండేళ్ళూ తగలెయ్యబోయాడు కదా అనుకుంది.

టేపు పెట్టి కొలిచింది. "అరంగుళం కొయ్యాలి. రేపు సాయంత్రానికి తయారుగా ఉంటాయి. మోచెయ్యి తగ్గేదాకా ముట్టుకోకండి. ఇంక ఆ కాగితం ఇవ్వండి."

డాక్టరు జేబులోంచి తీసిచ్చాడు. "అమ్మా, ఇది బయట..." అని ఆగిపోయాడు.

"నేను కొలతలు తీస్తాను సార్. చాటింపు వెయ్యను" అంది.

ఆమె వర్క్‌షాపులోకి వచ్చి డాక్టరు కార్డు వెతికి తీసింది. పాత అంకె కొట్టేసి కొత్తది రాసి, ఆ కాగితం మీద పెట్టని సంతకం దాని కింద పెట్టింది.