హురళికాయల పాదుకు ఉప్పునీళ్లు

ఆరో తరగతిలో మూడేళ్లు కూర్చున్నాను. నాతో చేరిన పిల్లలు ముందుకు పోయారు, నా వెనక చేరినవాళ్లూ పోయారు, చివరికి నేను కూర్చున్న బల్ల కూడా చెదలు పట్టి పోయింది. ఇక ఒక్కణ్ణే ఎందుకని నేనూ బయటికొచ్చాను. అప్పటినుంచి ఇంట్లో నా ఉద్యోగం అందరినీ ఎగతాళి చేయడమే.

ఆ ఏడు వాన లేదు. చేన్లో వేరుశనగ జానెడు కూడా లేవలేదు. ఊరి బోరింగు దగ్గర రెండు బిందెల కోసం తెల్లారకముందే వరుస. ఇంట్లో పచ్చగా కనిపించేది వదిన పెట్టిన హురళికాయల పాదు ఒక్కటే. బీన్స్‌ను మావైపు అలాగే అంటారు. అరసికెరెలో పుట్టింటి నుంచి విత్తనాలు కొంగున కట్టుకొచ్చింది. ఆ పాదుకు వేరే నీళ్లు లేవు. బచ్చలింట్లో మేం ఒళ్లు కడుక్కున్న నీళ్లే సన్నటి కాలువలో పారి దాని మొదట్లోకి పోయేవి. వదిన ఆముదం కట్టెలు నాటి తీగలు ఎక్కించింది. పూత వచ్చి, పిందెలు దిగాయి.

పెళ్లయి ఏడేళ్లయినా ఆమెకు బిడ్డలు లేరు. అన్నకు ఇంకో పిల్లను చూస్తానని అమ్మ ఆమె ముందరే అనేది. ఆ కరువులో అన్న కట్టడం పనికి బెంగళూరు పోతూ బస్సు దగ్గర నా చెవిలో వేశాడు. వదినకు నెల తప్పిందట, మూడు నిండేదాకా అమ్మకు చెప్పొద్దందట, నన్నే కాస్త చూసుకోమన్నాడు. నాకు చెప్పిన సంగతి వదినకూ తెలుసు.

నేను చూసుకున్న తీరు ఇది. ఒక మధ్యాహ్నం స్నేహితులను పోగేసి, చేన్లో పీకిన వేరుశనగ కాయలను పెద్ద తపేలాలో ఉప్పు దండిగా వేసి ఉడకబెట్టాను. తిన్నాక ఆ ఉప్పునీళ్లన్నీ బచ్చలింట్లో ఒంపేశాను. నాలుగో రోజుకు ఆకుల అంచులు మాడాయి. వారానికి పిందెలు ముట్టుకుంటే రాలాయి. పాదు మొదట్లో మన్ను మీద తెల్లటి పొర చూశాక నాకు అర్థమైంది. అమ్మ కంట పడకుండా కాలితో చెరిపేశాను.

పాదును పాడు చేసింది ఎవరని అమ్మ తిట్లు లంకించుకుని నా వైపు తిరిగింది. బయట చేరిన ఆడమనిషి నీడ పడితే పాదు మాడుతుందని మావైపు నమ్మకం. నోటికి అదే దొరికింది.

"నన్నేంది అడిగేది మా? వదిన బయట కూచోక రెండు నెలలాయె. నీకు తెలీకపోయినా పాదుకు తెలిసినట్టుండాది" అన్నాను.

నవ్వుతారనుకున్నాను. అమ్మ వదిన మీద పడింది. ముట్టు దాచిపెట్టి ఇల్లంతా మైల చేశావంది. వదిన కడుపుతో ఉన్నానని చెప్పేసింది.

"ఏడేండ్లు నిలవని కడుపు, వాన లేని ఏట నిలిచిందా?" అంది అమ్మ.

పాదును ఆమె చేతే పీకించింది. మూడు దినాలు పశువుల కొట్టంలో ఉండమంది. అన్నకు పిల్లను చూసే మాట మళ్లీ ఎత్తింది. వదిన ఒక వేరుకు అంటిన మన్ను చిటికెడు నాలుక మీద వేసుకుని నా వైపు చూసింది. నేను ఒక్క మాట అంటే చాలు. నేను ఎండు తీగలు మోసుకుపోయి దిబ్బలో వేశాను.

ఐదో నెలకు కడుపు తెలిసిపోయింది. అమ్మ ఏమీ జరగనట్టే చింతకాయలు తెచ్చి పెట్టసాగింది. పిల్లను చూసే మాట ఆగింది. కొట్టం మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఒకరోజు నేనే ఉండబట్టలేక, ఉప్పు సంగతి తెలిసీ అమ్మకు ఎందుకు చెప్పలేదని వదినను అడిగాను.

ఆమె చాటలో బియ్యం చెరగడం ఆపలేదు.

"మూడు దినాలూ సంగటి తెచ్చి దూరంగా పెట్టింది నువ్వే కదప్పా. ఈ పొద్దు చెప్తాడు, ఈ పొద్దు చెప్తాడు అని దినామూ నీ మొగమే సూసినా. నువ్వు, ఇంగ రోంత సంగటి కావల్నా వదినా అని నవ్వినావు."