సుజాత ఆంటీ ఎత్తని చెయ్యి

వెల్లింగ్టన్ నుంచి రైల్లో వచ్చి, లోవర్ హట్‌లో దిగి ఇంటికి నడిచే దారిలో ఒక హాకీ టర్ఫ్ మైదానం ఉంది. నిన్న సాయంత్రం అక్కడ ఎవరో సాధన చేస్తున్నారు. బంతి గోల్ అడుగునున్న చెక్కపలకకి తగిలి ఠప్పుమంది. గోల్ కీపర్‌గా నిలబడినవాళ్ళకి ఆ చప్పుడు వెనకనుంచి వినిపిస్తుంది, వినిపించిందంటే కొంప మునిగినట్టే. నా కాళ్ళు వాటంతటవే ఆగాయి. సుజాత ఆంటీ గుర్తొచ్చారు.

ఆవిడది గుంటూరు వైపు. అప్పట్లో ఇక్కడ వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు. నేను అనంతపురం నుంచి ఐటీ ఉద్యోగానికి ఈ దేశం వచ్చి అద్దెకు దిగిన ఫ్లాట్‌కి పక్కిల్లు ఆవిడది. యాభై దాటినా శనివారం వస్తే హాకీ కర్ర పట్టుకుని బయల్దేరేవారు. నర్సింగ్ చదివే రోజుల నుంచీ అలవాటట. మా పేట మహిళల జట్టులో ఆవిడ డిఫెండర్, అంటే గోల్ కీపర్‌కి ముందు కాపలా. నేను వచ్చిన ఏడాది వాళ్ళకి గోల్ కీపర్ దొరకలేదు.

“కాలేజీలో త్రోబాల్ ఆడానన్నావుగా. బంతి మీదికొస్తే కళ్ళు మూసుకోవుగా?” అని అడిగారు.

మూసుకోనన్నాను. ఆ ఒక్క మాటకే నాకు ప్యాడ్లు కట్టేశారు. ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి ఆ చోటు నాకు దక్కింది. దాన్ని నేను సంపాదించుకోలేదన్న సంగతి సీజనంతా ముల్లులా గుచ్చుతూనే ఉంది.

మొదటి ఆటలోనే నా తెలుగు పెంపకం బయటపడింది. గోల్ కీపర్‌కి మైదానమంతా కనిపిస్తుంది కాబట్టి, ముందున్నవాళ్ళు ఎటు జరగాలో అరిచి చెప్పాలి. నేను “సుజాత ఆంటీ, మీరు కొంచెం ఎడమకి జరుగుతారా” అని మొదలుపెట్టాను. మాట పూర్తయ్యేలోపు బంతి వెనక చెక్కని తాకింది.

విరామంలో ఆవిడ నీళ్ళు తాగుతూ నా పక్కన నిలబడ్డారు. “నువ్విట్టా మర్యాదలు చేస్తా కూర్చుంటే వాళ్ళు గోల్ కొట్టి, కాఫీ కూడా తాగి పోతారమ్మాయ్. పేరు పెట్టి పిలువు.”

“మా అమ్మకంటే పెద్దవారు. ఎట్లా పిలిచేది ఆంటీ?”

“ఇక్కడ నాకు నీ మర్యాద వద్దు, నీ కళ్ళు కావాలి. నా వెనకేం జరుగుతుందో నాకు కనపడదుగా.”

నోరు తిరగడానికి వారాలు పట్టింది. ఒక వానరోజు, ఆలోచించే వ్యవధి లేక, “సుజాతా, ఎడమ” అని అరిచేశాను. అరిచి నాలుక కరుచుకున్నాను. ఆవిడ ఎడమకి వెళ్ళి బంతిని అడ్డుకుని, వెనక్కి తిరక్కుండానే “ఆ, అట్టా” అన్నారు. ఆట అయ్యాక క్షమించమని అడగబోతే, “కారెక్కావుగా, ఇప్పుడు మళ్ళీ ఆంటీనే. ఆ పులిహోర డబ్బా ఇటివ్వు” అన్నారు.

సీజన్ చివర, కొత్తగా చేరినవాళ్ళలో ఒకరికి కప్పు ఇవ్వడం మా క్లబ్బు ఆచారం. పోటీలో ఉన్నవాళ్ళు వంటగదిలో టీ పెడుతుంటే, తక్కినవాళ్ళు హాల్లో కూర్చుని తేలుస్తారు. ఆ రెంటి మధ్యా టీ కప్పులు అందించే కిటికీ ఉంది. దాని తలుపు సరిగా పడదు కనక రహస్యం పేరుకే. పోటీ నాకూ, బోలెడు గోల్స్ కొట్టిన కేట్‌కీ. ఇద్దరం పాలూ చక్కెరా సర్దుతున్నట్టు నటిస్తూ చెవులు అటు పడేశాం.

“తన దాకా వచ్చిన బంతులే తక్కువ. పనిలేని గోల్ కీపర్‌కి కప్పేమిటి?” అన్నాడు కోచ్ గ్రెగ్. ఇంకెవరో, పాపం దేశానికి కొత్త, ప్రోత్సాహంగా ఉంటుంది, ఇచ్చేద్దాం అన్నారు. గ్రెగ్ మాటకంటే ఈ మాటకే నాకు ఒళ్ళు మండింది. ఆంటీ కూడా ‘మా అమ్మాయి’ అని బతిమాలతారేమోనని బిగుసుకుపోయాను.

ఆవిడ ఇంగ్లీషులో, నింపాదిగా మాట్లాడారు. “మొదట్లో తను బాగా ఆడలేదు. అప్పుడడిగితే నేనే వద్దనేదాన్ని. కానీ ఇన్నేళ్ళూ నా వెనక నిలబడ్డ కీపర్లు గోల్ పడ్డాక అయ్యో అన్నవాళ్ళే. తను ముందే చెప్తుంది, మమ్మల్ని సరైన చోట నిలబెడుతుంది. బంతులు తక్కువ వచ్చింది అందుకే. ఆట చూసి ఇస్తే ఇవ్వండి. జాలిపడి ఇచ్చేట్టయితే వద్దు.”

చేతులెత్తమన్నారు. సందులోంచి చూశాను. ఆంటీ చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. కేట్‌కీ ఎత్తలేదు, నాకూ ఎత్తలేదు. గ్రెగ్ కాసేపు గడ్డం గోక్కుని, నా పేరుకి చెయ్యెత్తాడు. ఒక్క చెయ్యి తేడాతో కప్పు నాకొచ్చింది. కేట్ నా వీపు తట్టి, టీ మాత్రం నన్నే పట్టుకెళ్ళమంది.

తిరిగొచ్చేటప్పుడు కార్లో ఉండబట్టలేక అడిగాను. “మీరెందుకు ఎత్తలేదు ఆంటీ?”

“ఎత్తితే, మా ఆంటీ చెయ్యి లేకపోతే వచ్చేది కాదేమోనని జన్మంతా లెక్కేసుకుంటావు. నీ సంగతి నాకు తెలీదా? ఇప్పుడు చూసుకో. నా చెయ్యి అందులో లేదు.”

నాకు ఏడుపొచ్చింది. సీజనంతా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాను. నిజం చెప్పాలంటే, కప్పు అందుకున్నప్పుడు కూడా అంత హాయిగా లేదు.

ఆంటీ ఇప్పుడు టౌరంగా అనే వేరే ఊళ్ళో ఉంటున్నారు. మోకాళ్ళ వల్ల ఆట మానేశారు కానీ, ఫోన్లో నన్ను ఆటపట్టించడం మానలేదు. ఈ మధ్య మా ఆఫీసులో ఒక తెలుగమ్మాయిని టీమ్ లీడ్ చేయాలా వద్దా అని చర్చ జరిగింది. మొదట్లో చేసిన పొరపాట్లతో సహా ఆమె పని గురించి చూసిందంతా చెప్పి, ఓటు మాత్రం వెయ్యనన్నాను. పదవి ఆమెకే వచ్చింది. మర్నాడు నా దగ్గరికొచ్చి, “మీ వల్లే అక్కా” అంది. నేను ఓటెయ్యలేదని చెప్పాను. ముందు ఆమె మొహం చిన్నబోయింది. తర్వాత మెల్లగా, అయితే ఇది నాదేనన్నమాట అన్నట్టు, భుజాలు నిటారుగా లేచాయి.