యముడికి గొంతిచ్చిన మా బావగారు

మత్తు వైద్యంలో ప్రవీణులు, సరస సంభాషణా చతురులు, మా బావగారు డాక్టర్ చలపతిరావుగారు గత నెల ఫార్మింగ్టన్ హిల్స్‌లోని స్వగృహంలో పరమపదించారు. వార్త విని నిశ్చేష్టురాలినయ్యాను. చావుకు కాదు, ఆయన మంచం పట్టి చాలా కాలమైంది. ఫోన్లో మా అక్క రాజ్యలక్ష్మి చెప్పిన తీరుకు. "శారదా, మీ బావ పోయారే. రోడ్ల మీద ఐస్ ఉందిట, మెల్లిగా డ్రైవ్ చేసుకుని రా" అంది. గొంతులో జీర కూడా లేదు.

ఇక్కడి తెలుగు సంఘం వారు తమ సంచికకు బావగారి గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలు ఉన్నాయి కనుక ముందు అవి చెప్పేస్తాను.

బావగారిది ఆజానుబాహు విగ్రహం, గంభీర కంఠం. ఆపరేషన్ బల్ల మీద రోగులు మందుకంటే ముందు ఆయన గొంతుకే నిద్రపోయేవారని హాస్పిటల్లో చెప్పుకునేవారు. ఇండియా నుంచి కొత్తగా దిగిన కుర్రాళ్లను ఎయిర్‌పోర్ట్ నుంచి తిన్నగా ఇంటికి తెచ్చి, ఉద్యోగం దొరికేదాకా ఉంచుకునేవారు. వారాల తరబడి వాళ్లకు వండి వార్చింది మా అక్క. "అపర అన్నదాత" అని సన్మాన పత్రంలో రాసింది మాత్రం బావగారిని.

వాళ్లకు పిల్లల్లేరు. ఆ మాట అక్క నోట నేనెన్నడూ వినలేదు. తినేవాడు చెయ్యి కడుక్కోబోతుంటే గరిటెతో ఎదురొచ్చి, "ఇంకొక్క ముద్ద నాయనా, నా మీద ఒట్టు!" అనేది. అమ్మ అనిపించుకోవడానికి ఆవిడకు ఈ దేశంలో దొరికిన దారి ఆ ఒక్క మాటే. ఆ మాట సంగతే నేను రాయబోతున్నది.

డెబ్బైల చివర ఒక ఉగాదికి స్కూలు హాలు అద్దెకు తీసుకున్నాం. రావలసిన తెలుగు సినిమా పెట్టె మంచువల్ల షికాగోలో చిక్కుకుంది. పులిహోర అయిపోయింది, పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. బావగారి హాస్పిటల్లో లూజ్ అని ఫిలిప్పీన్స్ నర్సు ఉండేది. వాళ్లాయన తమ వాళ్లకు చర్చిలో సినిమాలు వేసేవాడు. బావగారు ఫోన్ చేస్తే పాపం ఆవిడే రీళ్లు కార్లో వేసుకొచ్చి ఇచ్చింది. మంచికీ చెడుకీ యుద్ధం, దెయ్యాలూ దేవతలూ ఉన్న సినిమా అని చెప్పింది. కాణీ ఖర్చు లేకుండా తీసినట్టుంది. అడవి సగం అట్టముక్కలు, దేవదూత రెక్కలకు కట్టిన దారం వెనకెక్కడో ఉన్న మా వరసకు కూడా కనబడుతోంది. మాటలన్నీ వాళ్ల భాషలో, కింద ఇంగ్లీషు అక్షరాలైనా లేవు. "నేను తెలుగులో చెబుతా చూడండి" అని బావగారు మైకు పుచ్చుకున్నారు.

పొగలోంచి కొమ్ములు పెట్టుకున్న నల్లటి వాడొకడు లేచాడు. వాడి వెనకాల ఒక దున్నపోతు. ఆ దేశంలో పొలాల నిండా అవే ఉంటాయిట. కొమ్ములూ దున్నపోతూ కనబడ్డాక తెలుగువాడికి వేరే చెప్పాలా? "సాక్షాత్తూ యమధర్మరాజులవారు వేంచేస్తున్నారహో!" అన్నారు బావగారు. హాలు చప్పట్లతో మోగిపోయింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ కొమ్ములవాడు సైతాను. ధర్మరాజని పిలిచాక వాడిని చెడ్డవాణ్ణి చెయ్యడం ఎలా? వాడు మంచివాడైతే, వాడితో పోరాడే తెల్లబట్టల ఆవిడ, ఊళ్లో రోగులకు మందు పోసే ఇల్లాలు, చెడ్డది కాక తప్పదు. బావగారు క్షణం తడుముకోలేదు. "అదిగో మంత్రగత్తె!" అన్నారు. ఆవిడ మంచాన పడ్డ ముసలాడి నోటికి గిన్నె అందించింది. బావగారు గొంతు సన్నం చేసి, అచ్చం మా అక్కలా, "ఇంకొక్క ముద్ద నాయనా, నా మీద ఒట్టు!" అన్నారు. ముసలాడు గిలగిలా కొట్టుకున్నాడు.

ఆ హాల్లో అక్క చేతి అన్నం తినని వాడు లేడు. అందరికీ వెంటనే తెలిసిపోయింది. నవ్వులతో కుర్చీలు కదిలాయి. ముందు వరసలో తెల్ల వెంకటగిరి చీరలో కూర్చున్న అక్క కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదు కనుక.

సినిమా అయ్యాక లూజ్ నొచ్చుకుంటూ వచ్చింది. "డాక్టర్, పొరపాటు పడ్డారు. ఆ లేడీయే మంచిది, అతను డెవిల్" అంది. "మా వెర్షన్‌లో కాదు" అన్నారు బావగారు నవ్వుతూ. అందాకా అది పొరపాటే. ఆ తర్వాత కాదు.

సభ్యుల కోరిక మీద ఏటా ఉగాదికి అదే సినిమా. ఏటా కొత్త మాటలు. ఇంట్లో అక్క ఏడుస్తూ అన్న "మీరు తప్ప నాకెవరున్నారండీ" మరుసటి ఉగాదికి మంత్రగత్తె నోట పలికింది, జనం పొట్టలు పట్టుకున్నారు. పిల్లలు "విచ్ ఆంటీ! విచ్ ఆంటీ!" అని చుట్టూ మూగేవారు. పక్క ఊరు ట్రాయ్‌లో ఒక ఇంట్లో అక్క గరిటె పట్టుకుని "ఇంకొక్క..." అనబోయిందో లేదో, ఒకప్పుడు వారాల తరబడి ఆవిడ అన్నం తిన్న ప్రసాదు, ఇప్పుడు పెద్ద ఇంజనీరు, ముసలాడిలా గిలగిలా కొట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అక్క గిన్నెలు బల్ల మీద పెట్టి, "కావలసింది వడ్డించుకోండి" అని వంటింట్లోకి వెళ్లిపోయేది.

నేను ఉండబట్టలేక, "ఆ సినిమా ఇక ఆపండి బావగారూ, అక్క నోరు మూతపడిపోయింది" అన్నాను. "హాస్యం అర్థం కావాలంటే కాస్త సంస్కారం ఉండాలి శారదా" అన్నారు. ఆయన సూక్తులు పోగుచేస్తున్న వారు దీన్ని కూడా చేర్చుకోవాలని మనవి.

చివరి రోజుల్లో బావగారికి తిండి సయించలేదు. ఒక మధ్యాహ్నం నేను పక్కనే ఉన్నాను. అక్క జావ గిన్నె తెస్తే మొహం తిప్పుకున్నారు. కాసేపటికి ఆ గంభీర కంఠం పీలగా, "రాజ్యం, ఆ మాట అనవే. అంటే తింటాను" అంది.

"ఏ మాటండీ?"

"అదేనే... ఇంకొక్క ముద్ద, నా మీద ఒట్టు..."

"అది మంత్రగత్తె మాట కదండీ" అని ఆయన గడ్డం తుడిచి, అక్క గిన్నె తీసుకుని లేచింది. గుమ్మం దాటుతుంటే బావగారు, "వెళ్లకే, భయంగా ఉంది" అన్నారు. అక్క వెనక్కి తిరిగింది. "భయమెందుకండీ? మీ వెర్షన్‌లో ఆయన మంచివాడేగా" అంది. బావగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నాకు జాలి వేసిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ వారంలోనే పోయారు.

పన్నెండో రోజున ఇల్లు పట్టనంత మంది వచ్చారు. ప్రసాదు తిని చెయ్యి కడుక్కోవడానికి లేవబోతున్నాడు. వంటింట్లోంచి అక్క గరిటెతో వచ్చి అతని ముందు నిలబడింది. "ఇంకొక్క ముద్ద నాయనా, నా మీద ఒట్టు" అంది. అలవాటు కొద్దీ కొందరు బావగారి కుర్చీ వైపు చూశారు. అది ఖాళీగా ఉంది. ప్రసాదు తల వంచుకుని విస్తరి ముందుకు జరిపాడు. ఎవరూ నవ్వలేదు.

బావగారి కళాసేవకు నా నమోవాకాలు. ఆయన లేని లోటు తీరనిదని ఆ రోజు వచ్చినవారంతా అన్నారు. ఆ లోటును ఎన్నటికీ ఎవరూ తీర్చకుందురు గాక!