మోతి గొంతులో లేని ఎముక

మా అమ్మాయి పట్టుబట్టి తెచ్చుకున్న కుక్కపిల్లకు టీకా వేయించడానికి మొన్న కరీంనగర్‌లో మా వీధి చివరి క్లినిక్కుకు వెళ్ళాం. స్పిరిట్టూ ఫినాయిలూ తడిసిన బొచ్చూ కలిసిన వాసన, పిల్లిని టవల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన, గోడ మీద ఏ వయసులో ఏ టీకా వేయించాలో చెప్పే రంగురంగుల బొమ్మలు. డాక్టరమ్మది చిన్న వయసే. సొరుగులోంచి ఎముక ఆకారంలో చేసిన బిస్కెట్టు తీసి కుక్కపిల్లకు చూపిస్తూ, "మేడం, జర దాని నోరు తెరిచి పట్టుకోండ్రి, పండ్లు చూస్త" అంది. నేను చెయ్యి చాపాను. చాపిన చెయ్యి సగం దూరంలో ఆగిపోయింది, ఎంత అనుకున్నా ముందుకు పోలేదు. కుక్కలంటే భయమా అని ఆమె నవ్వుతూ అడిగింది. కుక్కలంటే నాకేం భయం, వాటి మధ్యనే పొర్లి పెరిగిన దాన్ని. ఆ బిస్కెట్టును చూశాకే నా చెయ్యి ఆగింది.

మా ఇల్లు బోథ్‌లో, చర్చికి పోయే సందులో ఉండేది. పెంకుల కప్పు, ముందు ఎడ్ల కొట్టం, పత్తి ఏరే రోజుల్లో ముందరి అర్రలో కప్పుదాకా పోసిన పత్తి, ఆ పత్తి మీద దుమికి అవ్వతో తిట్లు తినే మేము. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్ళం. పొద్దున్నే జొన్న రొట్టె కాలే వాసన వస్తే చాలు, పొయ్యి దగ్గర మాకంటే ముందు మోతి చేరేది. మోతి మా కుక్క. అవ్వ తమ్ముడు సామేలు మామ శ్రీరాంపూర్‌లో బొగ్గు బాయిలో పనిచేసేవాడు. ఒకసారి సెలవుకు వస్తూ తన డ్యూటీ సంచిలో అన్నం డబ్బా పక్కన కుక్కపిల్లను పెట్టుకుని బస్సులో తెచ్చాడు. తెల్లగా ఉండాల్సిన ఆ పిల్ల సంచిలోని బొగ్గు పొడి అంటుకుని నల్లగా దిగింది. అవ్వ కడిగితే తెల్లబడింది, అందుకే ముత్యమని మోతి అన్నాం. మామ ఎప్పుడు వచ్చినా అతని చెమట వాసన సందు మొదట్లోనే పసిగట్టి, తోకతో పాటు నడుమంతా ఊపుకుంటూ ఉరికేది.

ఆ రోజుల్లో కుక్కలకూ పిల్లులకూ మేం చేసిన వైద్యాలు తలుచుకుంటే ఇప్పుడు గుండెలు బాదుకోవాలనిపిస్తుంది. గజ్జి పడితే ట్రాక్టరులోంచి తీసిన నల్ల నూనెలో గంధకం కలిపి ఒళ్ళంతా పూసేవాళ్ళం. ఆ నూనెను అది నాక్కుంటూ ఎండలో పడి ఉంటే, మందు పనిచేస్తోందని సంతోషపడేవాళ్ళం. చెవుల్లో శనగగింజలంత ఉబ్బిన పిడుదులను గోళ్ళతో పీకి కిరసనాయిలు మూతలో వేయడం మా ఆదివారం ఆట. ఎవరి మూత ముందు నిండితే వాళ్ళు గెలిచినట్టు. తిండి మానేసిన కుక్కకు కొడవలి కొన కాల్చి సురుకులు పెట్టేవారు. పక్కింటి జైనబ్ ఖాలాకు ఇంటినిండా పిల్లులే. వాటిలో ఒకటి తుమ్మి తుమ్మి కళ్ళు మూసుకుపోయి చచ్చిపోతుంటే, దవాఖానకు తీసుకుపోదామా అని నేనంటే, "అరె బేటా, బిల్లీకి దవాఖానేంది, అల్లా సూసుకుంటడు" అని నవ్వింది. నేనూ నవ్వాను. పిల్లికి డాక్టరు అనే మాట అప్పుడు మాకంత వింతగా ఉండేది.

అలాగని మాకు టీకాలు తెలియవా అంటే, తెలుసు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. గాలికుంటు రోగానికి టీకాలు వేస్తున్నారని దండోరా వినబడగానే బాపు అన్ని పనులూ మానుకుని ఎడ్లను కడిగి, కొమ్ములకు నూనె రాసి, పశువుల దవాఖానకు తోలుకుపోయేవాడు. వెనక నేను, నా వెనక మోతి. ఎడ్లు ఒకదాని తర్వాత ఒకటి కట్టెల చట్రంలోకి పోయి సూది వేయించుకుని వచ్చేవి. మోతి గేటు పక్కన వేపచెట్టు కింద కూర్చుని, ముందు కాళ్ళ మీద తల పెట్టుకుని అంతా చూసేది. మా పని అయ్యాక లేచి ఒళ్ళు దులుపుకుని మళ్ళీ మా వెంట వచ్చేది. దానికీ ఒక సూది ఉంటుందేమో అడుగుదామని ఎవ్వరికీ తట్టలేదు. ఎద్దు వ్యవసాయం చేస్తుంది, కుక్క ఏం చేస్తుంది.

ఆ యేడు దీపావళి రోజుల్లో ఎక్కడిదో ఒక ఎర్ర కుక్క సందులోకి వచ్చి ఎడ్ల కొట్టం ముందు మోతితో కలబడింది. బాపు కట్టె పట్టుకుని తరిమాడు. మోతి పై పెదవి కొంచెం చీలింది. అవ్వ పసుపు అద్దింది, వారానికల్లా మానిపోయింది. ఆ ఎర్ర కుక్కకు పిచ్చి ఉండొచ్చన్న అనుమానం ఎవరికీ రాలేదు. ఎందుకంటే మా ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఎండలు ముదిరి మెదడు కాగితేనే కుక్కకు పిచ్చి లేస్తుంది, నోటినిండా నురగతో, తోక ముడుచుకుని, కనబడిన వాళ్ళనల్లా కరుస్తూ ఉరుకుతుంది. చలికాలంలో కుక్కలకు ఏమీ కాదు. పెద్దలు ఎంత ధీమాగా చెప్పేవారంటే, అందులో అబద్ధం ఉండగలదని మాకు ఊహ కూడా లేదు.

తర్వాత క్రిస్మస్ వచ్చింది. మా ఇంటికి సున్నం పడింది, వెదురు కర్ర చివర రంగు కాగితాల చుక్క వేలాడింది, అవ్వ చేతులకు అరిసెల పాకం వాసన వదలలేదు. సామేలు మామ కొత్త చొక్కాతో దిగాడు. ఆ పండుగకు మా సందులో కుక్కలన్నిటికీ కూడా పండుగే. ఆరాధన అయ్యాక ఇంటింటా యాటకూర, జొన్న రొట్టె, పెరుగన్నం. తిన్నవాళ్ళు తిన్నట్టే ఎముకలు వాకిట్లోకి విసిరేవారు, జైనబ్ ఖాలా పిల్లులు గోడ దిగేవి, మోతి అందరి మీదా గురాయించి పెద్ద ఎముకలు తన వంతుకు తెచ్చుకునేది. ఆ రోజు మాత్రం అది లేవలేదు. కొట్టంలో గడ్డి మీద పడుకుని ఉంది. కింది దవడ వేలాడుతోంది, చొంగ తీగలా కారుతోంది, మొరగబోతే బొంగురుగా ఏదో చప్పుడు వచ్చింది. నీళ్ళ ముంతలో మూతి పెట్టింది కానీ ఒక్క గుక్కా లోపలికి పోలేదు.

"బొక్క ఇరికింది గొంతుల" అన్నాడు మామ. ఆ మాటతో ఇంటిల్లిపాదికీ నమ్మకం కుదిరిపోయింది. క్రిస్మస్ నాడు, వాకిటినిండా యాట ఎముకలు పడి ఉండగా, కుక్క నోరు మూయలేకపోతే ఇంకేమనుకుంటాం? నేను దాని ముందు కాళ్ళు పట్టుకున్నాను. బాపు దవడలు పట్టుకున్నాడు. మామ కొత్త చొక్కా చేతులు పైకి మడిచి, మణికట్టు దాకా చెయ్యి లోపలికి పెట్టి వెతికాడు. "ఓపిక పట్టు మోతీ, గిప్పుడే తీస్త, జర ఓపిక పట్టు" అంటూ దాన్ని పసిపిల్లలా బుజ్జగించాడు. అది కరవలేదు. ఆ మూగజీవికి కరిచే బలం కూడా లేదని అప్పుడు మాకు తెలియదు. చెయ్యి బయటికి తీస్తుంటే కోర పన్ను గీసుకుని వేలి కణుపుల మీద రెండు గీతలు పడ్డాయి. తర్వాత బాపు వెతికాడు. ఖాలా గోడ మీదినుంచి, "అన్నం ముద్ద మింగిస్తే దిగుతది" అని సలహా ఇచ్చింది. అవ్వ ముద్ద చేసి తెచ్చి, అది మింగకపోతే కారిన చొంగంతా తన కొంగుతో తుడిచింది. మామ చెయ్యి కడుక్కున్నాడో లేదో గుర్తులేదు. అరిసె తినడం మాత్రం గుర్తుంది.

తెల్లారి మామకు డ్యూటీ. నిర్మల్ బస్సెక్కి వెళ్ళిపోయాడు. మోతి వెనక కాళ్ళు పడిపోయాయి. బాపు ఇక లాభం లేదని పశువుల డాక్టరును ఇంటికి పిలుచుకొచ్చాడు. ఆయన కొట్టం దాకా వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. లోపలికి అడుగు పెట్టలేదు. దాన్నే చూస్తూ మెల్లగా, "దీని నోట్ల ఎవరెవరు చేతులు వెట్టిండ్రు?" అని అడిగాడు.

బాపు చెయ్యి పైకి లేచింది. అవ్వ కొంగు పట్టుకుని నిలబడింది. నేను కూడా ఎందుకో నా చేతులు చూసుకున్నాను. "బొక్క గాదు. పిచ్చి ఇది. గొంతు కండలు వడిపోతే గిట్లనే నోరు మూతవడదు" అన్నాడాయన. చలికాలం కదా సారూ అని బాపు అడిగిన గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది. పిచ్చికి కాలం లేదన్నాడు డాక్టరు. అప్పుడు అవ్వ పెట్టిన కేకకు ఖాలా గోడ దూకినంత పని చేసింది.

"నా తమ్ముడు! నా తమ్ముడు వోయిండు గదయ్యా!"

ఆ సాయంత్రానికి మోతి చచ్చిపోయింది. చేను గట్టున లోతుగా గుంత తీసి, సున్నం పోసి పూడ్చారు. మమ్మల్నందరినీ ఆదిలాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయి బొడ్డు చుట్టూ సూదులు వేయించడం మొదలుపెట్టారు. ఆ సూదుల నొప్పికి పొట్ట ముడుచుకుని నడిచేవాళ్ళం. మొదటి సూది వేయించుకున్న తెల్లారే బాపు శ్రీరాంపూర్ వెళ్ళి మామకు సంగతంతా చెప్పాడు. మామ ముఖం పాలిపోయిందట. "రేపే పోత బావా, సూదులు ఏసుకుంట" అని మాటిచ్చాడట. బాపు తేలిక పడి తిరిగొచ్చాడు.

మామ సూదులకు పోలేదు. తోటి కార్మికుడెవరో పసరు మందు ఇచ్చే ఇల్లు ఒకటి చూపించాడు. పొద్దున్నే పరగడుపున ఆకు పసరు తాగాలి, ఉప్పు లేని తిండి తినాలి, నూనె ముట్టకూడదు, నీసు ముట్టకూడదు. మాంసం లేనిదే ముద్ద దిగని మామ ఆ పథ్యాన్ని ఎంత నిష్ఠగా చేశాడంటే, ఆ నిష్ఠే అతనికి ధైర్యమైపోయింది. ఇంత కష్టపడ్డాక మందు పనిచేయకుండా ఎలా ఉంటుంది? పథ్యం ముగిశాక మా ఇంటికి వచ్చి చెయ్యి చూపించాడు. గీతలు ఆనవాలు లేకుండా మానిపోయాయి. "అది నన్ను కరువనే లేదక్కా, పన్ను గీకింది అంతే. ఫికర్ జెయ్యకు" అన్నాడు. అవ్వ కోడి కోసింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న నన్ను చూసి, "పాపం కోడలా, నీకే సూదులు, నాకు తప్పినయ్" అని మామ నవ్వాడు. మామ ఎంత అదృష్టవంతుడో అని నాకు కుళ్ళు పుట్టింది. అంతే కాదు, అవ్వకూ బాపుకూ కూడా గుండె మీది బరువు దిగింది. అందరం కడుపునిండా నవ్వుకుంటూ అన్నం తిన్నాం.

శ్రమల దినాలు మొదలయ్యాయి, చర్చిలో ఉపవాస కూటాలు జరుగుతున్నాయి, చేలల్లో చివరి పత్తి ఏరుతున్నారు. అప్పుడు కబురు వచ్చింది. మామకు ఆ చెయ్యి తిమ్మిరెక్కుతోందట, గాలి తగిలినా ఉలిక్కిపడుతున్నాడట. అవ్వా బాపూ చేతిలో పని చేతిలో వదిలేసి వెళ్ళారు. నన్ను ఖాలా ఇంట్లో ఉంచారు. వాళ్ళు తిరిగి వచ్చినప్పుడు బాపు ఎవరి ముఖమూ చూడలేదు. అవ్వ గడపలో కూర్చుంది. ఖాలా మంచినీళ్ళు తెచ్చిస్తే ఆ గ్లాసు వంక చూస్తూ, "నీళ్ళు సూస్తెనే దడుసుకున్నడు నా తమ్ముడు. దూపైతుందక్కా అనుకుంటనే దడుసుకున్నడు" అంది. అంతకుమించి ఆమె బతికినన్నాళ్ళూ ఆ సంగతి మాట్లాడలేదు.

ఇంత కాలానికి ఈ క్లినిక్కు బల్ల ముందు, ఆగిపోయిన చెయ్యితో నేను. కుక్కపిల్ల నోరు మా అమ్మాయే తెరిచి పట్టుకుంది, తన చేతికి తొడుగు కూడా ఇచ్చారు. డాక్టరమ్మ పండ్లు చూసింది, చెవుల్లో చూసింది, పిడుదులు పట్టకుండా మెడ మీద రెండు చుక్కల మందు వేసింది. ఎముక బిస్కెట్టు ముందు పెట్టింది. అది కరకరా నములుతుండగా మెడ దగ్గర చర్మం ఎత్తి పట్టుకుని చిన్న సూది గుచ్చింది. కుక్కపిల్ల నమలడం కూడా ఆపలేదు.

"అమ్మా, అయిపోయింది, పోదాం" అంది మా అమ్మాయి.

"ఏమైపోయింది?"

"గదే, పిచ్చి రాకుండ టీకా. ఏడాదికోసారి ఏయిస్తె చాలట."

నేను అక్కడే నిలబడిపోయాను. ఆ సూది నా చిటికెన వేలంత కూడా లేదు. ఇంతేనా అని పైకే అన్నానట, పిల్లిని ఒళ్ళో పెట్టుకున్న పెద్దాయన నా వైపు వింతగా చూశాడు. బోథ్‌లో మా సందులో ఇప్పుడు పెంకుటిళ్ళు లేవు, ఎడ్ల కొట్టాలు లేవు, కాగితాల చుక్క బదులు దుకాణంలో కొన్న చుక్క వెలుగుతోంది, ఖాలా పిల్లులు దిగే గోడ కూలిపోయింది. అవ్వ లేదు, బాపు లేడు. వాళ్ళు పెద్దవాళ్ళై పోయారు, పోవలసిన వయసులోనే పోయారు. మామ మాత్రం ఇప్పటికీ ఆ కొత్త చొక్కా చేతులు మడుచుకుంటూ ముప్పై కూడా నిండని వాడిగానే కనిపిస్తాడు. ఇంటికి నడుస్తుంటే కుక్కపిల్ల తాడు లాగుతూ ముందు ఉరికింది. నాకు పశువుల దవాఖాన గేటు, వేపచెట్టు నీడ కళ్ళ ముందుకు వచ్చాయి. ఎడ్లకు సూదులు పడుతుంటే మోతి ప్రతిసారీ అక్కడ కూర్చుని మా కోసం చూసేది. ప్రతిసారీ దాన్ని మేం అలాగే ఇంటికి తీసుకొచ్చాం.