తొమ్మిది రోజులు దాచిన సైకిల్

పార్సెల్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను బెండకాయలు తరుగుతున్నాను. "మేడమ్, ఆప్‌కీ సైకిల్ ఆ గయీ హై. ఆకే లే జాయియే," అని, వచ్చిన సైకిల్‌ని తీసుకెళ్ళమన్నాడు గుమాస్తా. అచ్ఛా అని ఫోన్ పెట్టేసి మళ్ళీ కత్తిపీట ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ నుంచి భోజనానికి వచ్చారు. కాళ్ళు కడుక్కుంటూనే అడిగారు.

"మీ తమ్ముడు ఫోన్ చేసాడేటి? సైకిల్ బుక్ చేసీసాడా?"

"నేదండీ. ఈ వారం వాడికి ఖాళీ నేదంట," అన్నాను.

ముందుగా అనుకుని ఆడిన అబద్ధం కాదు. నోటి నుంచి వచ్చేసింది. ఆయన తలూపి పీట మీద కూర్చున్నారు. వెనక్కి తీసుకోవడానికి అప్పటికింకా వీలుంది. నేను అన్నం వడ్డించాను.

మా ఆయన ఇరవై రెండేళ్ళు గూడ్సు బళ్ళు నడిపారు. వాళ్ళ తాత, మా తాత ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి రైల్వేలో చేరినవాళ్ళే. మేమిద్దరం ఈ కాలనీ క్వార్టర్లలోనే పుట్టి పెరిగాం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. డ్రైవరు పెళ్ళాం ఎలా బతకాలో మా అమ్మను చూసి నేర్చుకున్నాను. ఎప్పుడు వస్తారని అడగకూడదు. వచ్చినప్పుడు వేడిగా ఏదో ఒకటి ఉండాలి.

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, గతౌరా స్టేషను దాటాక, ఒక మనిషి ఆయన బండికి ఎదురుగా పట్టాల మీదకి నడిచి వచ్చాడు. బొగ్గుతో నిండిన బండి, బ్రేకు వేసిన చోట ఆగదు. ఆయన తప్పు ఏమీ లేదని విచారణలో రాశారు. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు స్నానం చేసి, "ఈవేళ బండి కింద ఒక మనిషి పడిపోనాడు," అన్నారు. అంతే. నేను ఇంకేమీ అడగలేదు. అడక్కపోవడమే మంచిదనుకున్నాను.

మూడు వారాల తరువాత మళ్ళీ డ్యూటీ ఎక్కారు. రెండు నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు ఖాళీ పట్టాల మీద ఎవరో నిలబడ్డట్టు కనిపించి ఎమర్జెన్సీ బ్రేకు వేసేశారు. అక్కడ ఎవరూ లేరు. ఇంజన్‌లో పక్కనున్న అసిస్టెంటు బయటికి చూసి, ఈయన మొహం చూసి, మంచినీళ్ళ సీసా అందించాడట. మర్నాడు ఆయనే పై అధికారి దగ్గరికి వెళ్ళి ఇంక ఇంజన్ ఎక్కలేనని చెప్పేశారు. డాక్టర్లు చూశారు, మాత్రలు రాశారు. చివరికి లాబీలో కుర్చీ పని ఇచ్చారు. డ్రైవర్లు వచ్చి హాజరు వేయించుకునే చోటది. ఎవరు ఏ బండి మీద వెళ్ళాలో రాసి వాళ్ళని పంపించడం ఆయన పని.

ఇంటికి వచ్చాక పెరటి గుమ్మంలో కూర్చునేవారు. టీవీ లేదు, పేపరు లేదు. ఎవరు ఫోన్ చేసినా ఎత్తేవారు కాదు. ఒక ఆదివారం అలమారా మీది సూట్‌కేసు దింపి, అందులోని కాగితాలన్నీ మంచం మీద పరిచి నన్ను పిలిచారు. ఇన్సూరెన్సు ఇది, పీఎఫ్ ఇది, బ్యాంకుది ఇది, నామినీగా నీ పేరు ఉంది, అని ఒక్కొక్కటీ చూపించారు.

"ఇప్పుడెందుకండీ ఇవన్నీ?" అన్నాను.

"ఊరికే. తెలిసుండాలి కదేటి."

ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టడం మానేసింది. ఆయన స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేస్తే తలుపు దగ్గర నిలబడేదాన్ని.

ఈ సైకిల్ గొడవ రతన్‌పూర్‌లో మొదలైంది. అమ్మవారి దర్శనం చేసుకుని తిరిగి వస్తూ టీ కొట్టు దగ్గర స్కూటర్ ఆపాం. అక్కడ నెరిసిన గడ్డం మనిషి ఒకాయన బెంచీ మీద కూర్చుని బూట్లలోంచి మట్టి దులుపుకుంటున్నాడు. పక్కన ఆయన సైకిల్. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది. ముందూ వెనకా క్యారియర్లు, వాటికి రెండువైపులా సంచులు. దూరాలు వెళ్ళడానికే చేసిన బండి అట. నర్మద పుట్టిన చోటు చూసి, అడవి దాటుకుని వస్తున్నాడు. మా ఆయన ఆ సైకిల్ చుట్టూ తిరిగారు. డ్యూటీ ఎక్కే ముందు ఇంజన్‌ని చూసినట్టు వంగి గొలుసూ బ్రేకులూ గేర్లూ చూశారు. హిందీలో ఏవేవో అడిగారు. అరగంట మాట్లాడారు. ఆరు నెలల్లో ఆయన ఎవరితోనూ అంతసేపు మాట్లాడలేదు.

ఆ తరువాత ఫోన్‌లో అలాంటి సైకిళ్ళే వెతికేవారు. కొత్తవి మాలాంటి వాళ్ళకి అందవు. వెతగ్గా వెతగ్గా విశాఖపట్నంలో ఒక రిటైరైన పెద్దాయన తన పాత సైకిల్ అమ్ముతున్నట్టు తెలిసింది. మోకాలి ఆపరేషన్ అయి ఇంక తొక్కలేడట. ఆయన ఊరికే అమ్మే రకం కాదు, స్పీకర్‌లో పెట్టిన ఫోన్‌లో మా ఆయన్నే పరీక్ష చేశాడు.

"ఏటి బాబూ, ఎక్కి తిరుగుతావా? గోడకి ఆనించి దుమ్ము పట్టిస్తావా?"

"తిరుగుతానండి."

"నీ ఎత్తెంత? ఏటి పని చేస్తావు?"

"నాను రైలు డ్రైవర్నండి," అన్నారు మా ఆయన. మళ్ళీ తనే, "మొన్నటి దాకా," అన్నారు.

"అయితే మిషన్‌కి నూనె ఎయ్యడం ఒకరు నేర్పక్కర్నేదు నీకు. తీస్కో. కానీ చేరగానే నాకు ఫొటో పెట్టాలి," అన్నాడు పెద్దాయన. మా ఆయన నవ్వారు. నేను పక్క గదిలో ఉండి ఆ నవ్వు విన్నాను. సంతోషంగానే అనిపించింది.

ఆ సాయంత్రమే భోజనం దగ్గర, "ఒక్కణ్నీ కొన్నాళ్ళు అలా ఎలిపోవాలనుంది. నన్నెవరూ ఎరగని దారంట," అన్నారు. మంచం మీద పరిచిన కాగితాలు, ఈ మాట, రెండూ నా తలలో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఎవరితో చెప్పుకోను? సైకిల్ తొక్కడం ఆరోగ్యానికి మంచిదే కదా అంటారు ఎవరైనా.

మా తమ్ముడు విశాఖలోనే ఉంటాడు. వాడే వెళ్ళి సైకిల్ చూసి, పెడల్స్ విప్పించి, హ్యాండిల్ తిప్పించి, అట్టలూ గోనెలూ చుట్టి రైల్వే పార్సెల్‌లో వేశాడు. బావ ఫోన్ ఎత్తడు కాబట్టి చీటీలో నా నంబరు రాయించాడు. రాయ్‌పూర్ మీదుగా మూడు రోజుల్లో వచ్చేసింది. ఆ ఫోన్ నాకు వచ్చింది, నేను అబద్ధం ఆడాను.

ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు కావాలి. తమ్ముడు ఫోన్ చేసి, "చేరిందా అక్కా? బావేటన్నాడు?" అంటే, "చేరింది, బాగా నచ్చింది," అన్నాను. ఇక్కడ ఆయన, "మీ తమ్ముడికి నా పనంటే అలుసు," అని విసుక్కుంటుంటే వింటూ ఊరుకున్నాను. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ రోజులు గడిపాను. ఒకరోజు కూరగాయలకని బయల్దేరి పార్సెల్ ఆఫీసుకే వెళ్ళాను. గోడ వారగా ఉంది. గోనె మీద తమ్ముడి చేతిరాత, నా పేరు. చిరిగిన చోట హ్యాండిల్ కొన బయటికొచ్చి ఉంది. దాన్ని ముట్టుకున్నాను. చల్లగా ఉంది. ఇది ఎక్కడైనా పోతే బాగుండునని అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. గుమాస్తా కాగితం ముందుకు తోశాడు. "కల్," రేపొస్తానని చెప్పి వచ్చేశాను.

తొమ్మిదో రోజు సాయంత్రం ముందు గదిలో ఆయన ఫోన్ మోగింది. ఆ పెద్దాయన ఫోన్ ఒక్కటి మాత్రం ఆయన ఎత్తేవారు. వంటింట్లోకి ఇటు మాటలే వినిపిస్తున్నాయి.

"ఫొటోయా? ఇంకా బుక్ అవనేదు కదండీ... ఎప్పుడు?... మీ ఎదురుగానే కట్టి తీసుకెళ్ళాడా?... పన్నెండు రోజులా?"

ఫోన్ పెట్టేశారు. ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చారు. నా వైపు చూశారు. నేను పొయ్యి వైపు తిరిగిపోయాను. చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిన చప్పుడు వినిపించింది. గంటన్నర తరువాత ఈ-రిక్షాలో గోనె మూటతో వచ్చారు. వరండాలో కూర్చుని తాళ్ళు కోశారు. వెనక చక్రం దగ్గర గేర్లు మార్చే ముక్క లోపలికి వంగి ఉంది. తమ్ముడు అక్కడ అట్ట పెట్టకుండా కట్టేశాడు. ఆయన దాన్ని వేలితో తడిమి చూసి లేచిపోయారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నారు, అంతే.

సదర్ బజార్‌లోని సైకిల్ దుకాణానికి తీసుకెళ్తే, ఇలాంటిది ఎప్పుడూ విప్పలేదు, ఇంకా పాడైతే నన్ననకండి అని వాళ్ళు తిప్పి పంపించారు. ఆదివారం పొద్దున్న పెరట్లో పాత దుప్పటి పరిచి, పనిముట్లు పేర్చుకుని, సైకిల్‌ని తిరగేసి పెట్టుకున్నారు.

"ఇటు రా. చక్రం కదలకుండా పట్టుకో," అన్నారు.

వెళ్ళి పట్టుకున్నాను. స్పానర్‌తో ఆ ముక్కని కొంచెం కొంచెంగా బయటికి వంచుతున్నారు. ఒక్కసారిగా లాగితే విరిగిపోతుందట. వంచడం, వెనక్కి జరిగి చూడడం, మళ్ళీ వంచడం. తల ఎత్తకుండానే అడిగారు.

"నాను ఎక్కడికి పోతాననుకున్నావు?"

"కాగితాలు చూపించారు కదా. ఒక్కణ్నీ ఎలిపోతానన్నారు కదా," అన్నాను.

స్పానర్ దుప్పటి మీద పెట్టేసి కూర్చున్నారు. మొహం మీది చెమట మోచేత్తో తుడుచుకున్నారు.

"కాగితాలు చూపించిన రోజు ఆ ఆలోచన ఉంది. నీకాడ అబద్ధం చెప్పను. ఈ సైకిల్ సంగతి మొదలయ్యాక తగ్గింది. రేపొస్తాది, ఎల్లుండొస్తాది అని చూస్తా ఉన్నాను కదా, అందుకు. నువ్వు దాన్నే దాచీసావు."

నేను భయపడిందీ నిజమే, ఆ భయంతో చేసిందీ తప్పే. ఏది ముందు చెప్పి ఏడవాలో తెలియలేదు. ఆయన మాత్రం ఆగలేదు. ఏడాది పైగా నేను అడగని మాట ఆ రోజు అడక్కుండానే చెప్పారు.

"ఆ మనిషి నన్ను చూడనేదు. తల వంచుకుని నడిచొచ్చాడు. హారన్ మీంచి చెయ్యి తియ్యనేదు నాను. అది కాదు నన్ను తినీస్తున్నది. తరవాత స్టేషన్లో ఎవరో చాయ్ ఇచ్చారు. తాగినాను. బాగుందనిపించింది. మనిషి పోయి గంట కానేదు, నాకు చాయ్ బాగుందే. నానేటి మనిషిని?"

"బాగుంటుంది కదండీ. అంతసేపు ఎండలో నిలబడి వచ్చారు. గొంతెండిపోయుంటుంది," అన్నాను. అదేం గొప్ప మాట కాదు. కానీ ఆయన మొహం రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చారు. మా పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. చక్రం వదిలేసి పక్కన కూర్చున్నాను. నా చేతికున్న గ్రీజు ఆయన చొక్కాకి అంటుకుంది.

లేచేటప్పుడు, "మీ తమ్ముడికి నువ్వే చెప్పు. వాణ్ని ఊరికే తిట్టుకున్నాను," అన్నారు. చెప్పాను. వాడు, "నాకొక్క మాట చెప్తే ఆ రాత్రికే బండెక్కి వచ్చీసేవోణ్ని కదక్కా," అన్నాడు. మరుసటి వారం ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పెరట్లో నాతో అన్న మాటలు డాక్టరుతో కూడా చెప్పమన్నాను. ఆయన చెప్తుంటే నేను పక్కనే కూర్చున్నాను. మాత్రలు మారాయి. నెలకి రెండుసార్లు మాట్లాడడానికి రమ్మన్నారు, వెళ్తున్నారు.

గేర్లు కుదిరాక రోజూ పొద్దున్నే తొక్కేవారు, ఆదివారాలు రతన్‌పూర్ దాకా వెళ్ళొచ్చేవారు. నెల తిరిగాక, చలికాలం మొదట్లో, నాలుగు రోజులు సెలవు పెట్టి, నర్మద పుట్టిన అమర్‌కంటక్ వెళ్తానన్నారు. సాయంత్రం ఎక్కడున్నా ఫోన్ చెయ్యాలి అన్నాను. సరేనన్నారు. మొదటి సాయంత్రం చేశారు. రెండో సాయంత్రం చెయ్యలేదు. నేను చేస్తే కలవలేదు. అడవిలో సిగ్నల్ ఉండదని ముందే చెప్పారు, నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఫోన్ ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చునే ఉన్నాను. మర్నాడు పొద్దెక్కాక మోగింది. "కొండెక్కీసాను. కాళ్ళు పడిపోనాయి. చలి బాగుంది," అన్నారు. ఇంకా ఏదో చెప్తున్నారు, నాకు సగం వినబడలేదు.

నాలుగో రోజు వచ్చారు. మొహం నల్లబడింది, మోకాలు వాచింది. కడుపు నిండా తిని పడుకున్నారు. పూర్తిగా బాగుపడ్డారని చెప్పలేను. ఇప్పటికీ దూరంగా ఇంజన్ హారన్ ఆగకుండా మోగితే చేస్తున్న పని ఆపేస్తారు. ఈ ఊళ్ళో అది రోజుకి ఎన్నిసార్లు మోగుతుందో లెక్కలేదు. కొన్ని రోజులు మళ్ళీ పెరటి గుమ్మంలోనే కూర్చుంటారు. అప్పుడు నేనూ వెళ్ళి కూర్చుంటాను. ఏటండీ అని అడుగుతాను. ఒక్కోసారి చెప్తారు, ఒక్కోసారి చెప్పరు.

వానలు తగ్గాక, విశాఖ వెళ్ళే దారిలోని రాయగడ దాకా వెళ్తానంటున్నారు. ఆరేడు రోజుల దారి. వద్దనలేదు. టైర్లు పాతబడ్డాయని నిన్న ఆయనే అంటే, కొత్తవి తెప్పించమన్నాను. పార్సెల్‌కి ఈసారి తన నంబరే రాయించుకున్నారు.