రుద్దితే పోని చుక్క

రేపల్లెలో డ్రాయింగు మేష్టరు సుబ్బరామయ్యగారికి పేకాట లేదు, చుట్ట లేదు, ఆఖరికి పొడుం కూడా లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఎంత రుద్దినా పోని సిరా తయారుచెయ్యాలి, అదీ ఇంట్లో దొరికే వస్తువులతో. ఆ మూడు అలవాట్లూ ఉండి ఈ ఒక్కటీ లేకపోతే సుఖంగా ఉండేదాన్నని ఆయన భార్య భ్రమరాంబ గట్టి నమ్మకం.

ఆ ఇంట్లో ఆముదం దీపం వెలిగేది వెలుతురు కోసం కాదు, మసి కోసం. మసి పట్టడానికి దాని మీద బోర్లించేది ఆవిడ పాలగిన్నె. సిరా నల్లబడాలంటే కరక్కాయ కషాయంలో తుప్పు మేకులు నానాలిట. ఓ రోజు ఆవిడ దొడ్డి తలుపు తియ్యబోతే తలుపు మొత్తం చేతిలోకి వచ్చేసింది.

"ఏమండీ! తలుపు ఊడొచ్చిందండీ!"

"అరవకే. సిరా ఎంత నల్లబడిందో వచ్చి చూడు."

కనిపించిన దాని మీదల్లా చుక్క పెట్టడం, ఉఫ్ అని ఊదడం, ఎదుటివాడి చెయ్యి పట్టుకుని "రుద్దు. పోతే నన్నడుగు" అనడం. రుద్దగానే పోయేది. మేనకోడలి సంబంధం కోసం బాపట్ల వెళ్లి, పెళ్లికొడుకు తండ్రిగారి కొత్త ఉత్తరీయం మీద కూడా ఓ చుక్క పెట్టి "రుద్దండి బావగారూ, పోతే నన్నడగండి" అన్నారు. అది మాత్రం పోలేదు. సంబంధం పోయింది.

వెళ్లినవారు ఊరికే తిరిగి రాక, ఉప్పునీటికి ఆగుతుందో లేదో చూస్తానని సూర్యలంక వెళ్లారు. పొట్ట నిండా చుక్కలు పెట్టుకుని పీకల్లోతు సముద్రంలో నిలబడ్డారు. ఎవరో ప్రాణం తీసుకుంటున్నాడనుకుని పల్లెవాళ్లు దూకి, జుట్టు పట్టి ఒడ్డుకు లాగారు.

"ఏం కష్టం వచ్చింది బాబాయ్?"

"కష్టం మీరే తెచ్చారు! ఇంకాసేపు నాననివ్వండయ్యా!"



ఇలాంటి సిరాతో ఆవిడ ఒక్క పని చెప్పింది, ఒకే ఒక్కసారి. లెక్కల మేష్టరు ఎజ్రాగారు సాయంత్రాలు వచ్చి, అరుగు మీద కూచుని మేష్టారితో చదరంగం ఆడేవారు. ఎజ్రాగారు మాలపల్లెలో పుట్టారు కాబట్టి ఆయన కాఫీ గ్లాసు అరుగు గూట్లో విడిగా ఉండేది. బీఏ చదివినా గ్లాసు మాత్రం గూడు దాటి లోపలికి రాలేదు. గ్లాసులన్నీ ఒక్క జతవే, తోమేటప్పుడు కలిసిపోతాయని ఆవిడ భయం.

"ఆ గ్లాసు అడుగున చుక్క పెట్టండి."

పెట్టారు. వారం తిరక్కుండా పోయింది. "మీ సిరా తగలెయ్య! ఒక్క గ్లాసుకే దిక్కు లేదు" అంది.

మర్నాడు మేష్టారు తెనాలి బండెక్కి, వడ్రంగులు పాలిష్‌కు వాడే లక్కా స్పిరిటూ తెచ్చారు. లక్క స్పిరిట్లో కరిగించి, దీపపు మసి కలిపి, సీసాలో పోసి ఊపారు. ఈసారి చుక్క పోలేదు. గోరు మీద పెడితే గోరు పెరిగి కత్తిరించుకోవలసిందే.

ఆ సంగతి బస్టాండు దగ్గర హోటలు నడిపే బసవేశ్వరరావు చెవిన పడింది. వెంటనే మేష్టారికి కబురు పెట్టాడు. ఆ సాయంత్రం ఎజ్రాగారు అరుగెక్కలేదు. వీధిలోనే నిలబడ్డారు.

"అక్కగారూ, ఒక మాట చెప్పి పోదామని వచ్చాను. హోటలు బయట మా వాళ్లకు పెట్టే గ్లాసులకు మేష్టారు స్వయంగా చుక్కలు పెడుతున్నారు. కళ్లారా చూశాను. ఇక ఈ గడపకు రానండి."

భ్రమరాంబ నిర్ఘాంతపోయింది. పదేళ్ల స్నేహం! మొగుడు రాగానే విరుచుకుపడింది.

"సిగ్గు లేదుటండీ? స్నేహితుడు తాగే గ్లాసుకు గుర్తు పెడతారా?"

"నువ్వడిగితే పెట్టలేదుటే?"

చెంప ఛెళ్లుమన్నట్టయింది.

తెల్లారేసరికి బసవేశ్వరరావు లబోదిబోమంటూ వచ్చాడు.

"అమ్మా, మీ ఆయన నా కొంప ముంచాడు! నాలుగు గ్లాసులిచ్చి కాస్త కునుకు తీశానమ్మా. రాత్రి తోమబోతూ చూస్తే అలమార్లో ఉన్న గ్లాసులన్నిటికీ చుక్కలే! ఏవి లోపలివో, ఏవి బయటివో దేవుడికే తెలియాలి!"

"రుద్దకపోయావా?" అంది ఆవిడ, బిత్తరపోయి.

"బూడిదతో రుద్దాను, ఇసకతో రుద్దాను. నా వేలు అరిగింది గాని చుక్క అరగలేదమ్మా!"

"అన్నీ పారేసి కొత్తవి కొను."

"ఎందుకు మార్చావంటే ఏం చెప్పేది తల్లీ? నిన్న సాయంత్రం కరణంగారు, మునసబుగారు, గుడి పూజారిగారు వాటితోనే కాఫీ తాగి పోయారు!"

మేష్టారు వేపపుల్ల తీసి, "చుక్క మా హోటలు గుర్తని చెప్పు. రేపట్నుంచి అందరికీ అవే" అన్నారు. బసవేశ్వరరావుకు మరో దారి కనపడలేదు.

భ్రమరాంబ వంటింట్లోకి పరుగెత్తి ఒక గ్లాసు తిరగేసింది. చుక్క. ఇంకోటి. చుక్క. తన గ్లాసు, మొగుడి గ్లాసు, అన్నిటికీ చుక్కే! అరుగు మీదికి పోయి చూస్తే గూడు ఖాళీగా ఉంది. వెనక్కి వచ్చి పాలు పొయ్యి మీద పెట్టింది.

బడివేళకు ఎజ్రాగారు తల వంచుకుని ఆ వీధినే పోతున్నారు.

"ఎజ్రాగారూ! లోపలికి రండి, కాఫీ తాగి వెళ్దురు గాని."

"లోపలికి" అన్న మాట విని మేష్టారే ఉలిక్కిపడ్డారు. బసవేశ్వరరావు గోల అప్పటికే బస్టాండంతా తెలిసినట్టుంది, ఎజ్రాగారు వచ్చి మేష్టారిని గుచ్చి చూశారు.

"ముందే చెప్పొచ్చుగా? రాత్రంతా తిట్టుకున్నాను. నేనైతే ఆ నాలుగు గ్లాసులూ పగలగొట్టేవాణ్ని."

"పగిలితే మళ్లీ నాలుగు కొంటాడయ్యా."

భ్రమరాంబ మూడు గ్లాసులు తెచ్చి పెట్టింది. ఎజ్రాగారు ఒకటి పైకెత్తి అడుగు చూశారు. చుక్క. మిగతా రెండూ చూశారు.

"ఇందులో నాదేదండీ అక్కగారూ?"

"నాకేం తెలుసు?" అందావిడ తన గ్లాసు అందుకుంటూ. "అనుమానంగా ఉంటే రుద్ది చూడండి. పోతే నన్నడగండి."